శనివారం మీటప్‌కి 40 మంది వచ్చాం, ఒక్కరి కోడ్ కూడా తెరవలేదు

మియాపూర్_లైన్ | ఆదివారం, ఉదయం 9:40

నమస్తే అందరికీ. పదకొండేళ్ల నుంచి ఫ్రంటెండ్ పనిలో, అంటే వెబ్‌సైట్లలో కంటికి కనబడే భాగం రాసే పనిలో ఉన్నాను, వీలున్నప్పుడల్లా కోడ్ రాసేవాళ్ల మీటప్‌లకి వెళ్తుంటాను. నిన్న రాయదుర్గం దగ్గర ఒకటి జరిగింది. 150 మంది పేర్లు ఇచ్చారు, 40 మంది వచ్చాం, ఉచిత కార్యక్రమానికి అది మామూలే. మూడు ప్రసంగాలు, మధ్యలో సమోసా, చాయ్, చివర్లో గ్రూప్ ఫోటో. మాట్లాడినవాళ్లు కష్టపడి తయారై వచ్చారు, వాళ్లని ఒక్క మాట కూడా అనను. కానీ మంచి కోడ్ ఎలా రాయాలి అని గంటసేపు విన్నాం, ఆ గంటలో తెర మీద కనబడింది స్లైడ్ కోసం రాసిన ఆరేడు లైన్ల ముక్కలే. మనం రోజూ ఆఫీసులో చూసే కోడ్ అలా ఉండదు.

అసలు సంగతి తిరిగి వచ్చేటప్పుడు మెట్రోలో జరిగింది. మీటప్‌లో నా వెనక వరసలో కూర్చున్న ఒక కుర్రాడు పక్కకి వచ్చి, "అన్నా, మంచి కోడ్ అంటే ఇలా ఉంటుందని చెప్పారు, బాగుంది, మరి నా కోడ్ అలా ఉందో లేదో నాకెట్లా తెలుస్తుంది?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు, ల్యాప్‌టాప్ తియ్యి అన్నాను. అది కాలేజీ లైబ్రరీ కోసం రాసిన హాజరు ఫారం. సబ్మిట్ అని కనబడేది నిజానికి బటన్ కాదు, రంగు వేసిన డివ్, అంటే ఉత్త పెట్టె. మౌస్‌తో నొక్కితే పని చేస్తుంది, కీబోర్డ్‌తో అక్కడికి చేరనే చేరదు. దుర్గం చెరువు స్టేషన్ వచ్చేలోపు దాన్ని నిజమైన బటన్ చేశాడు. పెద్దమ్మ గుడి దగ్గరికి వచ్చేసరికి డేటాబేస్ పాస్‌వర్డ్ కోడ్‌లోనే రాసి, ప్రతి మార్పునీ దాచిపెట్టే గిట్‌లోకి ఎక్కించేశాడని కనబడింది. ఫైల్‌లో తీసేస్తే సరిపోదు, పాత కమిట్లలో, అంటే గిట్ దాచిన పాత రూపాల్లో అది అలాగే ఉంటుంది, పాస్‌వర్డే మార్చాలి అని చెబితే ముఖం పాలిపోయింది పాపం. పెట్టెల పక్కన ఉన్న పేర్లు వాటికి కట్టిన లేబుల్స్ కావు, ఉత్త అక్షరాలు, ఆ సంగతి ఎత్తుకునే లోపు అమీర్‌పేట్ వచ్చేసింది. నేను మియాపూర్ రైలు కోసం దిగాలి, అతను నాగోల్ వైపు అదే రైల్లో వెళ్లిపోయాడు.

ఆ ప్రయాణంలో అతనికి ఒరిగింది, ఆ మధ్యాహ్నమంతా మాకు ఒరిగినదానికంటే ఎక్కువ అని నాకు గట్టిగా అనిపిస్తోంది. అందుకే అడుగుతున్నాను: నెలకొకసారి ప్రసంగాలు లేకుండా, ఇద్దరి కోడ్ తెర మీద పెట్టి అందరం కలిసి చదివితే ఎలా ఉంటుంది? ఎవరెవరు వస్తారు?

కొత్తపేట_కోడ్ | ఆదివారం, ఉదయం 10:25

నేను వస్తాను. కానీ ముందే ఒక విషయం చెప్పాలి, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

ఉద్యోగంలో చేరిన మూడో నెలలో నా కోడ్‌ని పన్నెండు మంది ముందు ప్రొజెక్టర్ మీద పెట్టారు. ఒక సీనియర్ ఒక లూప్ చూపించి, "ఇది రాసిందెవరు, చదువుకునే వచ్చారా?" అన్నాడు. అందరూ నవ్వారు. లూప్‌లో తప్పు ఉన్న మాట నిజమే, లోపల ప్రతిసారీ డేటాబేస్‌ని అడుగుతోంది, వంద వరసలుంటే వందసార్లు. కానీ ఆ తప్పు ఎందుకు తప్పో ఆ రోజు నాకెవరూ చెప్పలేదు, నేనే చాలా తర్వాత తెలుసుకున్నాను. ఆ మీటింగ్ తర్వాత ఆరు నెలలు ఎవరినీ ఏ సందేహమూ అడగలేదు నేను. తెలియనివి తెలియనట్టే ఉండిపోయాయి.

కాబట్టి పద్ధతి ముందే అనుకుందాం. "నువ్వు ఇలా ఎందుకు రాశావు" అనే వాక్యం వద్దు, "ఈ ఫంక్షన్ ఏం తీసుకుని ఏం ఇస్తుంది" అని అడగండి. కోడ్ రాసినవాళ్లు మొదట మాట్లాడాలి, ఏ పరిస్థితిలో రాశారో వాళ్లే చెప్పాలి. 100 లైన్లకి మించి తేవద్దు, అంతకంటే ఎక్కువైతే ఎవరూ చదవరు, చూసినట్టు తల ఊపుతారు, అంతే. ఇంకొకటి, సాయంత్రం ఆరుకి మొదలుపెట్టి తొమ్మిదికి ముగిస్తే మాలో సగం మంది రారు. మెట్రోకి దగ్గరగా, పగటిపూట పెట్టండి. అమ్మాయిలు ఎందుకు రావడం లేదని ప్రతి మీటప్‌లో అడుగుతారు కదా, జవాబులో పెద్ద భాగం ఇదే.

డెలివరీ_డెస్క్ | ఆదివారం, ఉదయం 11:50

నా మాట చాలామందికి నచ్చకపోవచ్చు, అయినా చెబుతాను. నేను ఇరవై మంది టీమ్ నడుపుతున్నాను. క్లయింట్ డబ్బులిచ్చేది ఫీచర్‌కి, ఫంక్షన్ పేరు బాగుందని కాదు. శుక్రవారం డెలివరీ అంటే శుక్రవారమే. మీటప్ నుంచి వచ్చిన పిల్లలు సోమవారం పొద్దున్నే "సర్, ఇదంతా మళ్లీ రాద్దాం" అంటారు, మూడు వారాలు పోతాయి, కొత్త కోడ్‌లో కొత్త బగ్‌లు వస్తాయి, పాతవాటికి కనీసం మందు తెలుసు మాకు. మంచి అలవాట్లు వద్దనడం లేదు, వాటికి టైమ్ ఎక్కడి నుంచి తేవాలో కూడా ఎవరైనా చెప్పండి.

మియాపూర్_లైన్ | ఆదివారం, మధ్యాహ్నం 12:30

అన్నా, మీ ప్రశ్న న్యాయమైనదే. మొత్తం తిరగరాయడం నాకూ ఇష్టం లేదు, పనిచేసే కోడ్‌ని ముట్టుకునేటప్పుడు చిన్న చిన్న ముక్కలుగానే ముట్టుకోవాలి.

కానీ టైమ్ ఎక్కడికి పోతుందో నాకు జరిగింది చెబుతాను. ఒక అమ్మకాల సైట్‌లో ధర పెట్టె నుంచి 100 వస్తుంది, పన్ను 18 వస్తుంది, రెండూ కలపాలి. ఫారం నుంచి వచ్చేది అంకె కాదు, అక్షరాల వరస. జావాస్క్రిప్ట్ ఆ రెంటినీ పక్కపక్కన అతికించి 10018 చేసింది. వంద రూపాయల సామానుకి పదివేల పద్దెనిమిది రూపాయల బిల్లు. అది కనిపెట్టింది మేము కాదు, కొనడానికి వచ్చిన మనిషి. రాత్రి పదకొండుకి ఫోన్, నలుగురం తెల్లవారేదాకా కూర్చున్నాం, అందులో రెండు గంటలు తప్పు సర్వర్‌లో ఉందనుకుని అక్కడ వెతికాం. 100కి 18 కలిపితే 118 రావాలి అని ఒక చిన్న టెస్ట్ రాసి ఉంటే ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలకి టైమ్ లేదన్నాం, నలుగురి రాత్రికి మాత్రం టైమ్ దొరికింది.

చెవితో_చదువుతా | ఆదివారం, సాయంత్రం 4:15

ఈ చర్చని, తెర మీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏతో వింటున్నాను. నాకు చూపు లేదు, టెస్టింగ్ ఉద్యోగం చేస్తాను. ఎన్‌వీడీఏ ఉచితం, 2006లో ఆస్ట్రేలియాలో చూపులేని ఇద్దరు యువకులు మొదలుపెట్టారు, ఈ రోజు నా అన్నం దాని మీదే.

మీరు చెప్పిన డివ్ బటన్ నాకు రోజూ ఎదురయ్యేదే. కళ్లున్నవాళ్లకి అక్కడ ఆకుపచ్చ రంగు, గుండ్రటి అంచులు కనబడతాయి. నాకు అక్కడ ఏమీ లేదు. ఇంకొన్ని సైట్లలో బొమ్మల బటన్లు ఉంటాయి, పేరు పెట్టరు, "బటన్, బటన్, బటన్" అని వినబడుతుంది, వాటిలో ఏది డిలీట్ ఏది సేవ్ అని నేను ఊహించుకోవాలి. ఓటీపీకి 30 సెకన్లు ఇస్తారు, మెసేజ్ విని, ఆరు అంకెలు గుర్తుపెట్టుకుని, ఫారంలో మళ్లీ ఆ పెట్టె వెతుక్కునేసరికి గడువు అయిపోతుంది.

వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. వెబ్‌సైట్లు అందరికీ అందేలా ఎలా కట్టాలో చెప్పే ప్రపంచ ప్రమాణం 2008లో ఒకసారి, 2018లో ఒకసారి, 2023లో ఒకసారి కొత్త రూపంలో వచ్చింది. మామూలు అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య తేడా కనీసం 4.5కి 1 ఉండాలని అంకెతో సహా రాసి ఉంది. మే నెల మూడో గురువారం దీని కోసమే ప్రపంచమంతా ఒక రోజు జరుపుకుంటారు, ఆ ఒక్క రోజు నన్ను మాట్లాడమని పిలుస్తారు, శాలువా కప్పుతారు. శుక్రవారం నుంచి మళ్లీ బటన్, బటన్, బటన్. నాకు శాలువా వద్దు, మీరు కోడ్ చదివే గదిలో ఒక కుర్చీ చాలు. ఎవరి కోడ్ తెచ్చినా ముందు మౌస్ తీసి పక్కన పెట్టి ట్యాబ్ కీతో మొదటి నుంచి చివరిదాకా వెళ్లాలి. ఇది ఒప్పుకుంటే నేను వస్తాను.

ఫైనల్_ఇయర్_ఘట్‌కేసర్ | ఆదివారం, రాత్రి 8:05

ఆ రైల్లో ఉన్నది నేనే అన్నా. పాస్‌వర్డ్ ఆ రాత్రే మార్చాను.

కొన్ని విషయాలు నిజాయితీగా చెబుతాను, తప్పైతే చెప్పండి. మా కాలేజీలో ల్యాబ్ రికార్డులో చేత్తో కోడ్ రాస్తాం, మార్కులు అందమైన చేతిరాతకి పడతాయి. మేం రాసిన ప్రోగ్రామ్‌ని ఇప్పటివరకు ఎవరూ లైన్ లైన్ చదవలేదు, అవుట్‌పుట్ వచ్చిందా లేదా అంతే. ఆ హాజరు ఫారంలో సగం ఏఐ ఇచ్చింది. పని చేస్తోంది. ఎందుకు పని చేస్తోందో అడిగితే నేను చెప్పలేను. ఇంటర్వ్యూలో ఇదే అడుగుతారని రోజూ టెన్షన్. అలాంటి కోడ్ తీసుకుని రావచ్చా, లేక నేనే పూర్తిగా రాసింది తేవాలా?

కొత్తపేట_కోడ్ | ఆదివారం, రాత్రి 8:40

తప్పకుండా తీసుకుని రా తమ్ముడూ. ఎవరు రాశారన్నది కాదు, దానికి ఎవరు జవాబు చెబుతారన్నదే ముఖ్యం. నీ పేరుతో కమిట్ అయితే అది నీ కోడ్. ఏ లైన్ అర్థం కాలేదో దాని పక్కన ఒక గుర్తు పెట్టుకుని రా, అక్కడి నుంచే మొదలుపెడదాం. నా టీమ్‌లో పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా ఇప్పుడు ఏఐ ఇచ్చింది చదవకుండా పంపేస్తున్నారు, చదివే అలవాటు అందరికీ కావాలి, నీకొక్కడికే కాదు.

అమీర్‌పేట్_మాస్టారు | సోమవారం, ఉదయం 6:50

పద్నాలుగేళ్లుగా అమీర్‌పేట్‌లో వెబ్ కోర్సులు చెబుతున్నాను. మైత్రీవనం చుట్టుపక్కల గోడల మీద బోర్డులు మీరంతా చూసే ఉంటారు, 45 రోజులు, 60 రోజులు అని. నా బ్యాచ్‌లో 60 మంది ఉంటారు, అందరి కోడ్ చదవాలని ఉంటుంది, సాధ్యం కాదు. ఇది నా మనసులో ఎప్పుడూ ఉండే బాధ.

ఒక్కటి మాత్రం మార్చగలిగాను. ఇంతకుముందు గిట్ చివరి వారం చెప్పేవాడిని, ఇప్పుడు మొదటి రోజే చెబుతున్నాను. మొదట్లో పిల్లల కమిట్ మెసేజ్‌లు "ఫైనల్", "ఫైనల్ 2", "ఇదే ఫైనల్" అని ఉండేవి. ఏం మార్చావో కోడే చెబుతుంది, ఎందుకు మార్చావో మెసేజ్‌లో రాయి అని రోజూ చెప్పగా చెప్పగా మూడో వారానికి మారుతున్నారు. గిట్ వచ్చింది 2005లో, మా దగ్గర మొదటి రోజుకి రావడానికి ఇన్నేళ్లు పట్టింది.

నా క్లాస్ రూమ్ ఆదివారం పొద్దున ఖాళీగానే ఉంటుంది. ప్రొజెక్టర్ ఉంది, మెట్రో నుంచి నడిచి రావచ్చు. డబ్బులేమీ వద్దు. పది నుంచి ఒంటి గంట వరకు వాడుకోండి.

లింటర్_లవర్ | సోమవారం, ఉదయం 9:15

అన్నీ బాగున్నాయి గానీ, వీటిలో సగం పనికి మనుషులెందుకు? కోడ్‌లో తప్పులు పట్టే లింటర్ ఈఎస్‌లింట్ 2013 నుంచి ఉంది, కోడ్‌ని చక్కగా అమర్చే ఫార్మాటర్ ప్రెటియర్ 2017 నుంచి ఉంది. సేవ్ చేసేటప్పుడే అంతా సర్దేస్తాయి. మూడు గంటలు కూర్చుని లైన్ ముందు ఖాళీకి ట్యాబా స్పేసా అని వాదించుకుంటే ఎవరికి లాభం?

వత్తు_పడింది | సోమవారం, మధ్యాహ్నం 1:20

ట్యాబా స్పేసా అన్నది యంత్రానికే వదిలేద్దాం, అందులో మీతో ఏకీభవిస్తాను. కానీ యంత్రం పట్టుకోలేనివి ఎలా ఉంటాయో చెబుతాను, నేను తెలుగులో ఉండే యాప్‌ల మీద పని చేస్తాను కాబట్టి ఇవి నాకు రోజూ తగిలేవి.

"లక్ష్మి" అని రాస్తే మనకి కనబడేవి రెండు అక్షరాలు. జావాస్క్రిప్ట్‌ని దాని పొడవు అడగండి, 7 అంటుంది. ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి, ఇలా లెక్కపెడుతుంది. పేరు పెద్దదైతే మొదటి మూడింటి దగ్గర కత్తిరించు అని ఎవరో ఒక లైన్ రాస్తారు, లక్ష్మి గారు "లక్" అయిపోతారు. ఏ లింటర్ కూడా దాన్ని తప్పు అనదు, ఎందుకంటే కోడ్ ప్రకారం అది తప్పు కాదు. దీనికి ఇప్పుడు బ్రౌజర్లలో కంటికి కనబడే అక్షరాల లెక్కన విడగొట్టే సెగ్మెంటర్ అని ఉంది, ఫైర్‌ఫాక్స్‌లో కూడా 2024లో వచ్చేసింది, అయినా వాడేవాళ్లు తక్కువ.

అక్షరాలని కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీష్ అక్షరానికి ఒక బైట్, తెలుగులో పైన చెప్పిన ఒక్కో ముక్కకి మూడు. అంటే లక్ష్మి 21 బైట్లు. కొన్ని డేటాబేస్‌లలో 50 అని రాస్తే అది 50 అక్షరాలు కాదు, 50 బైట్లు, ఇంటిపేరుతో సహా రాస్తే పట్టదు. ఎస్సెమ్మెస్ ఇంగ్లీష్‌లో 160 అక్షరాలు పడుతుంది, తెలుగులో 70 మాత్రమే. ఆ 70 కూడా కంటికి కనబడే అక్షరాలు కాదు, పైన చెప్పిన ముక్కల లెక్క. అంటే ఇంగ్లీష్‌లో ఒక మెసేజ్‌లో సరిపోయేది తెలుగులో రెండు మూడు అవుతుంది, బిల్లు వచ్చాక "తెలుగు ఖరీదు, తీసేద్దాం" అంటారు. ముందే తెలిస్తే మాటలు కుదించి రాసుకోవచ్చు కదా.

కూకట్‌పల్లి సంగతి ఇంకా బాధ. ట పొల్లుకీ ప కీ మధ్య కంటికి కనబడని ఒక అక్షరం ఉంది, అది లేకపోతే ప వత్తుగా కిందకి దిగిపోతుంది. ఒకరు అది పెట్టి టైప్ చేస్తారు, ఇంకొకరు పెట్టరు, వెతికితే ఊరు దొరకదు. ఇంకా డిజైన్‌లో అక్షరాల మధ్య దూరం పెంచడం, లైన్ల మధ్య దూరం తగ్గించడం. ఇంగ్లీష్‌కి చక్కగా ఉంటుంది, మనకి గుడులు పైన తెగిపోతాయి, వత్తులు కింది లైన్ మీద పడతాయి. పేరు పెట్టెలో ఇంగ్లీష్ అక్షరాలు తప్ప ఒప్పుకోని ఫారంలు ఎన్ని చూశానో. మా అమ్మ తన పేరు తెలుగులోనే రాస్తుంది, ఎర్ర గీతతో "సరైన పేరు ఇవ్వండి" అని వచ్చింది. ఆవిడ, "నా పేరు సరైంది కాదా?" అని నన్ను అడిగింది. ఆ ఫారం రాసిన మనిషికి చెడు ఉద్దేశం లేదని నాకు తెలుసు. ఆ లైన్‌ని పక్కన కూర్చుని చదివిన తెలుగువాళ్లు ఒక్కరు కూడా లేరు, నాకు బాధ అక్కడే.

లింటర్_లవర్ | సోమవారం, మధ్యాహ్నం 1:55

ఇప్పుడే నా ప్రాజెక్ట్‌లో లక్ష్మి అని పెట్టి చూశాను. తెగింది. నేను కూడా వస్తున్నాను. లింటర్, ఫార్మాటర్ ముందే నడిపించి తేవాలని నియమం పెట్టండి, వాటికి దొరికేవాటి మీద గదిలో ఒక్క నిమిషం కూడా పెట్టొద్దు.

చెవితో_చదువుతా | సోమవారం, మధ్యాహ్నం 2:10

వత్తు గారూ, ఇంకొకటి కలపండి. పేజీ తెలుగులో ఉంటే భాష తెలుగు అని మొదటి ట్యాగ్‌లో చెప్పాలి. చాలామంది కాపీ చేసిన పేజీలో ఇంగ్లీష్ అనే ఉంటుంది, అలాంటి చోట నా దగ్గర ఇంగ్లీష్ గొంతు తెలుగు చదవబోతుంది, ఒక్క ముక్క అర్థం కాదు. రెండక్షరాల మార్పు అది.

డెలివరీ_డెస్క్ | సోమవారం, రాత్రి 10:30

పగలంతా ఇదే ఆలోచిస్తున్నాను. ఒక జాగ్రత్త చెబుతాను, ఇది తప్పకుండా రాసి పెట్టుకోండి: ఆఫీసు కోడ్ ఎవరూ తేవద్దు. కంపెనీ కోడ్ బయటపెట్టం అని అందరం సంతకాలు పెట్టి ఉన్నాం, ఉద్యోగాలు పోతాయి. ఆఫీసులో పడిన ఇబ్బందిని ఇంట్లో కూర్చుని వేరే పేర్లతో, వేరే ఉదాహరణతో చిన్నగా మళ్లీ రాసి తేవాలి. అలా రాయడంలోనే సగం సమస్య తేలిపోతుందని నా అనుమానం. నేనూ ఒకటి రాసి తెస్తాను.

మియాపూర్_లైన్ | మూడు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5:20

రాలేకపోయినవాళ్ల కోసం రాస్తున్నాను. 14 మంది వచ్చాం, అందులో ఐదుగురు అమ్మాయిలు. మాస్టారు కుర్చీలు గోడ వైపు నుంచి తిప్పి గుండ్రంగా వేయించారు, ఎవరూ వేదిక మీద లేరు.

మొదట ఘట్‌కేసర్ తమ్ముడి ఫారం, 80 లైన్లు. మౌస్ తీసేశాం. చెవితో చదువుతా గారు తన ల్యాప్‌టాప్‌లో అది తెరిచి స్పీకర్ పెద్దగా పెట్టారు. ట్యాబ్ నొక్కారు. "ఎడిట్, బ్లాంక్." మళ్లీ నొక్కారు. "ఎడిట్, బ్లాంక్." నాలుగు పెట్టెలు, నాలుగుసార్లు అదే మాట. గదిలో ఎవరూ మాట్లాడలేదు. తెర మీద మాకు పేరు, రోల్ నంబర్, బ్రాంచ్, సంవత్సరం అన్నీ కనబడుతూనే ఉన్నాయి. తమ్ముడు లేచి వెళ్లి అక్కడికక్కడే ప్రతి పేరునీ లేబుల్ చేసి దాని పెట్టెకి కట్టాడు, సేవ్ చేశాడు. ఈసారి "పూర్తి పేరు, ఎడిట్" అని వినబడింది. చెవితో చదువుతా గారు నవ్వుతూ, "ఇప్పుడు నేను కూడా లైబ్రరీకి రాగలను" అన్నారు.

ఆ తర్వాత ఒక ఫంక్షన్ దగ్గర చాలాసేపు ఆగాం. పేరు డేటా2. అది ఏం చేస్తుందని ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు, మూడూ తప్పే. ఏఐ ఇచ్చిన ముక్క అది, తమ్ముడు ముందే గుర్తు పెట్టుకుని వచ్చాడు. ఒక్కో లైన్ చదువుతూ పోతే, ఒకే రోజు రెండుసార్లు వచ్చిన విద్యార్థిని ఒకసారే లెక్కపెట్టడం దాని పని అని తేలింది. అలా అయితే పొద్దున వచ్చి సాయంత్రం మళ్లీ వచ్చినవాళ్ల రెండో హాజరు పోతుంది కదా అని కొత్తపేట అక్క అడిగారు. తమ్ముడు కాసేపు ఆలోచించి, లైబ్రేరియన్ మేడమ్‌కి ఆ రెండో రాక కావాలి, ఆవిడని అడగకుండానే రాసేశాను అన్నాడు.

ఒక్కరి కోడ్‌కే ఒంటి గంట దాటింది. డెలివరీ డెస్క్ అన్న రాసి తెచ్చింది తెరవలేకపోయాం. ఆయన ఏమీ అనలేదు, పైగా వెళ్లేటప్పుడు మాస్టారి దగ్గర ఆగి, మా టీమ్‌లో శుక్రవారం మధ్యాహ్నం అరగంట ఇలా కూర్చోబెట్టి చూస్తాను, 30 లైన్లకి మించకుండా అన్నారు. వచ్చే నెల మొదట ఆయనదే.

ఫైనల్_ఇయర్_ఘట్‌కేసర్ | ఆదివారం, రాత్రి 9:10

సోమవారం మేడమ్‌ని అడుగుతాను అన్నా. ఇవాళ 34 లైన్లు అయ్యాయి. వచ్చే నెల అన్నది పూర్తయ్యాక టైమ్ ఉంటే నా మిగిలిన 46 కూడా తేవచ్చా?